బతికున్న మొక్క కణంలో పెరాక్సైడ్‌ని చూడటం ఎలా: కాన్ఫోకల్ మైక్రోస్కోప్ ముందు కూర్చునే ముందు, కూర్చున్నాక

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఆర్ఓఎస్ (హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు) అనగానే పరుగెత్తేది డీసీఎఫ్‌డీఏ అనే రంగు సీసా దగ్గరికి. ఆకు ముక్కని ఆ రంగులో నానబెట్టడం, పచ్చగా వెలిగితే "పెరిగింది" అని రాసుకోవడం, గంటలో పని ఐపోతుంది. కానీ ఆ రంగు ఒకసారి ఆక్సిడైజ్ అయితే మళ్లీ వెనక్కి రాదు, పెరాక్సైడ్ ఒక్కదానికే స్పందించదు, కణంలోని పెరాక్సిడేజులూ ఇనుమూ దాన్ని వెలిగించగలవు, మీరు చూడటానికి వాడే లేజర్ కూడా వెలిగించగలదు, పైగా కణంలోకి ఎంత రంగు దిగిందన్నదాన్ని బట్టి కూడా వెలుగు మారుతుంది. ఇక డాబ్ అనే రసాయనంతో వచ్చే గోధుమరంగు మరకలు చూడటానికి బాగుంటాయి గానీ, అక్కడ ఆకుని చివరికి ఆల్కహాల్‌లో మరిగించి పత్రహరితం తీసేయాలి. అప్పటికి చూడటానికి బతికున్న కణం ఒక్కటీ మిగలదు.

అదే కణంలో నిమిషం నిమిషానికి ఏం జరుగుతోందో తెలియాలంటే మొక్క తానే తయారుచేసుకునే సెన్సార్ ప్రోటీన్ కావాలి. దాని జీన్‌ని మొక్కలో పెడతాం, అది ఎక్కడ కావాలంటే అక్కడికి, అంటే సైటోసోల్, క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియా, ఎక్కడికైనా పంపిస్తాం, తర్వాత రెండు లేజర్లతో మార్చి మార్చి వెలిగించి, వచ్చే రెండు వెలుగుల నిష్పత్తి చూస్తాం. ఈ నిష్పత్తే అసలు ప్రాణం. కణంలో సెన్సార్ ఎక్కువున్నా తక్కువున్నా, ఫోకస్ కాస్త జరిగినా, రెండు చానళ్లూ దాదాపు ఒకేలా మారతాయి కాబట్టి నిష్పత్తి పెద్దగా కదలదు. అందుకే ఇక్కడ "ఈ కణం బాగా మెరుస్తోంది, పెరాక్సైడ్ ఎక్కువున్నట్టుంది" అన్న మాటకి అర్థమే లేదు.

ముందు సెన్సార్ తేల్చుకోండి

ఆర్ఓఎస్ అని ఒకే మాటగా అంటాం గానీ సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్, సింగ్లెట్ ఆక్సిజన్ వేటి దారి వాటిదే. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటే నానోసెకన్లలో దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఐపోతుంది. కాస్త నిలిచేదీ, ఆక్వాపోరిన్లనే నీటి దారుల గుండా పొరలు దాటేదీ పెరాక్సైడ్. నమ్మకంగా వాడగల జన్యు సెన్సార్లు ఉన్నదీ ప్రధానంగా దానికే. కాబట్టి పేపర్‌లో "ఆర్ఓఎస్ కొలిచాం" అని రాయకుండా పెరాక్సైడ్ అనే రాయండి, రివ్యూయర్ దగ్గర సగం గొడవ తప్పుతుంది.

చేతిలో ఉన్న దారులు రెండు. ఒకటి హైపర్ కుటుంబం: బాక్టీరియాలో పెరాక్సైడ్‌ని పసిగట్టే ఆక్సీఆర్ ప్రోటీన్ ముక్కని, తిప్పి అతికించిన పసుపుపచ్చ ఫ్లోరెసెంట్ ప్రోటీన్‌తో కలిపి 2006లో చేసింది మొదటి హైపర్. దాంతో పెద్ద తలనొప్పి పీహెచ్. కణం పీహెచ్ కాస్త మారినా నిష్పత్తి మారిపోతుంది, మొక్కల్లో ఏ ఒత్తిడి పెట్టినా పీహెచ్ కదలడం మామూలే. అందుకే దాన్ని వాడితే సైఫర్ అనే జోడీని, అంటే పెరాక్సైడ్‌ని పట్టే సిస్టీన్‌ని మార్చేసిన రూపాన్ని, పక్కన కంట్రోల్‌గా పెట్టి తీరాలి. 2020లో వచ్చిన హైపర్7 పీహెచ్‌కి చాలావరకు లొంగదు, సున్నితత్వమూ ఎక్కువే. ఇప్పుడు మొదలుపెడితే పాత హైపర్ జోలికి పోనక్కర్లేదు.

రెండోది రోజీఎఫ్‌పీ2-ఓర్ప్1. ఈస్ట్‌లోని ఓర్ప్1 అనే పెరాక్సిడేజ్ ముందు పెరాక్సైడ్‌తో చర్య జరిపి, ఆ ఆక్సీకరణని పక్కనే అతికించి ఉన్న రోజీఎఫ్‌పీ2కి అందిస్తుంది. పీహెచ్ బెడద తక్కువ, ప్రయోగాలకి వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో బాగా పరీక్షించినది, మామూలు కాన్ఫోకల్‌లో ఉండే 405, 488 నానోమీటర్ల లేజర్లు సరిపోతాయి. మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా ఇదే. దీని అన్నదమ్ముడు జీఆర్ఎక్స్1-రోజీఎఫ్‌పీ2 గ్లూటథయోన్ అనే యాంటీఆక్సిడెంట్ స్థితిని చెబుతుంది, పెరాక్సైడ్‌ని కాదు. ప్లాస్మిడ్ అడిగేటప్పుడు పేరు రెండుసార్లు చూసుకోండి.

ఇక్కడే చాలామంది తలకిందులయ్యేది: రోజీఎఫ్‌పీ2 ఆక్సిడైజ్ అయితే 405 దగ్గర వెలుగు పెరిగి 488 దగ్గర తగ్గుతుంది. హైపర్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం. అంటే మొదటిదానికి 405ని 488తో భాగించాలి, రెండోదానికి 488ని 405తో. సీనియర్ అన్న ఇచ్చిన పాత మాక్రోని (బొమ్మల లెక్క చేసే చిన్న ప్రోగ్రాంని) కళ్లు మూసుకుని నడిపితే గ్రాఫ్ మొత్తం తిరగబడుతుంది, పెరాక్సైడ్ పోస్తే "తగ్గింది" అని వస్తుంది.

ఇంకో సంగతి. ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) లోపల రోజీఎఫ్‌పీ2 దాదాపు పూర్తిగా ఆక్సిడైజ్ అయ్యే ఉంటుంది, కణం బయట అపోప్లాస్ట్‌లోనూ దాన్ని మళ్లీ రెడ్యూస్ చేసే, అంటే ఆక్సీకరణని వెనక్కి తిప్పే, దిక్కు లేదు. అక్కడ పెట్టి ఏ మార్పూ రాలేదని బాధపడకండి, అది మొదటి నుంచే నిండిన కుండ. కణం లోపల కూడా సెన్సార్ చూపించేది పెరాక్సైడ్ మొత్తాన్ని కాదు. ఓ పక్క పెరాక్సైడ్ సెన్సార్‌ని ఆక్సిడైజ్ చేస్తుంటే ఇంకో పక్క గ్లూటారెడాక్సిన్, థయోరెడాక్సిన్ లాంటివి వెనక్కి లాగుతుంటాయి. మీకు కనిపించే అంకె ఆ రెండింటి మధ్య తేలిన లెక్క.

మొక్కలోకి ఎక్కించడం

సెన్సార్ జీన్ తరతరాలకీ నిలిచే స్థిరమైన అరబిడాప్సిస్ లైన్ ఇప్పటికే ఎవరి దగ్గరైనా ఉంటే అదే ఉత్తమం. బయటి దేశం నుంచి ట్రాన్స్‌జెనిక్ విత్తనం తెప్పించాలంటే ఎన్‌బీపీజీఆర్ (జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ) ఇంపోర్ట్ పర్మిట్ కావాలి, దానికి ముందు మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ, ఆపైన ఆర్‌సీజీఎం (జన్యుమార్పిడి పరిశోధనల్ని చూసే కేంద్ర కమిటీ) అనుమతి. కవర్లో పెట్టి పంపమని స్నేహితుణ్ని అడిగే పని పెట్టుకోకండి. ప్లాస్మిడ్ తెప్పించుకుని ఇక్కడే పూలని అగ్రోబాక్టీరియంలో ముంచి లైన్ చేసుకోవడం చాలామందికి సులువైన దారి, దానికీ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ప్రమోటర్, అంటే జీన్‌ని నడిపించే డీఎన్ఏ ముక్క, విషయంలో 35ఎస్ కన్నా యూబీక్యూ10 మేలు. 35ఎస్‌తో మొదటి తరంలో ధగధగా మెరిసిన మొక్కలు తర్వాతి తరాల్లో జీన్ సైలెన్స్ అయి (ఆగిపోయి) మచ్చలు మచ్చలుగా మిగలడం సాధారణం.

లైన్ వచ్చేలోపు చేయి తిరగడానికి బెంథమియానా (పొగాకు జాతి మొక్క) ఆకులు చాలు. జీవీ3101 అనే అగ్రోబాక్టీరియం రకం కల్చర్‌ని 10 మిల్లీమోలార్ ఎంఈఎస్, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 150 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్ ఉన్న 5.6 పీహెచ్ బఫర్‌లో కలిపి, ఓడీ (కల్చర్ చిక్కదనం) 0.3 నుంచి 0.5 మధ్య ఉంచి, రెండు మూడు గంటలు పక్కన పెట్టండి. సూది తీసేసిన 1 ఎంఎల్ సిరంజి మూతిని ఆకు అడుగున ఆనించి, పైనుంచి వేలు అడ్డం పెట్టి, మెల్లగా నొక్కితే తడి మరక ముదురు ఆకుపచ్చగా పాకుతుంది. పాకడం లేదంటే బలంగా నొక్కి ఆకుకి చిల్లు పెట్టకండి, పత్రరంధ్రాలు మూసుకుని ఉన్నాయని అర్థం. ముందురోజు సాయంత్రం బాగా నీళ్లు పోసి, పొద్దున లైటు కింద ఓ గంట రెండు గంటలు ఉంచాక చేయండి, దిగుతుంది.

మన ఊళ్లో దీనికి అసలు శత్రువు ఎండాకాలం. అగ్రో తన డీఎన్ఏని మొక్కలోకి పంపే యంత్రాంగం 28 డిగ్రీలు దాటితే దెబ్బతింటుంది. ఏప్రిల్, మే నెలల్లో, బయట 40 దాటుతున్నప్పుడు, ఇన్‌ఫిల్ట్రేట్ చేసిన కుండీలని చోటు లేదని వరండాలో పెట్టేస్తే మూడోరోజు మీకు కనిపించేది పత్రహరితం ఎరుపు ఒక్కటే. 22 నుంచి 24 డిగ్రీల గదిలో, లేదంటే గ్రోత్ చాంబర్‌లో పెట్టండి. చాంబర్‌కి పవర్ బ్యాకప్ ఉందో లేదో ముందే కనుక్కోండి, రాత్రి కరెంటు పోయి రెండు గంటలు చాంబర్ ఆగితే లోపల ఎంత వేడెక్కిందో పొద్దున మీకు ఎవరూ చెప్పరు. ఓ పదిహేను రూపాయల నోట్‌బుక్ చాంబర్‌కి వేలాడదీసి, కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలు రాసే అలవాటు పెడితే మీ తర్వాత వచ్చేవాళ్లు కూడా దండం పెడతారు.

రెండు మూడు రోజుల్లో సెన్సార్ కనిపిస్తుంది. కానీ అగ్రో కూడా బాక్టీరియానే, దాన్ని చూసి ఆకు ముందే రక్షణలో పడి ఉంటుంది. సెన్సార్ ఎక్కడికి వెళ్లిందో చూడటానికీ, సెట్టింగులు నేర్చుకోవడానికీ ఈ పద్ధతి చాలు. "సాధారణ స్థితిలో పెరాక్సైడ్ ఇంత" అన్న వాదన మాత్రం దీని మీద నిలబెట్టకండి.

హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ వైపు ల్యాబుల వాళ్లు వరిలో చేయొచ్చా అని అడుగుతుంటారు. చేయొచ్చు, కానీ గడ్డి జాతి కణగోడల్లో ఫెరులిక్ ఆమ్లం ఉంటుంది, 405 పడగానే నీలంగా వెలుగుతుంది, ఆ వెలుగు మీ సెన్సార్ చానల్‌లోకీ ఒలుకుతుంది. వేరు కొసతో మొదలుపెట్టండి, ఆకు తర్వాత చూసుకోవచ్చు.

స్లైడు మీద పెట్టడం

దీనికి ఎవరూ సమయం ఇవ్వరు, సగం ప్రయోగాలు పోయేది ఇక్కడే. ఆకుని కోస్తే గాయం, గాయం అంటే పెరాక్సైడ్. పట్టకారుతో నొక్కినా అంతే. అరబిడాప్సిస్ అయితే 5 నుంచి 7 రోజుల మొలకని మొత్తంగా, వేరు తెగకుండా, పెట్టండి. మొలకని పట్టకారుతో చిటికెన పట్టి లాగకుండా, రెండు బీజదళాల కింద పట్టకారు కొసల్ని ఫోర్కులా జొనిపి పైకి లేపితే జెల్ నుంచి వేరు మెల్లగా ఊడి వస్తుంది. బెంథమియానా ఆకు ముక్క తప్పనిసరైతే కోసిన అంచు నుంచి వీలైనంత దూరంగా, మధ్యలో చూడండి.

ఎంఈఎస్ 10, పొటాషియం క్లోరైడ్ 5, కాల్షియం క్లోరైడ్ 10, మెగ్నీషియం క్లోరైడ్ 10 మిల్లీమోలార్, పీహెచ్ 5.8, ఈ బఫర్ సరిపోతుంది. పంపు నీళ్లూ బోరు నీళ్లూ వద్దు. కవర్‌స్లిప్ మొలక మీద బరువు వేయకుండా రెండు పక్కలా డబుల్ టేప్ ముక్కలు అతికించండి. ఆకు లోపలి గాలి ఖాళీలు నల్లటి గీతల్లా అడ్డొస్తుంటే పెర్‌ఫ్లూరోడెకాలిన్‌లో ఉంచి చూడొచ్చు, లోతుగా కనిపిస్తుంది, కాకపోతే మీరిచ్చే మందు నీళ్లలో కరిగేదైతే అందులో కలవదని గుర్తుంచుకోండి. పెట్టాక కనీసం అరగంట వదిలేయండి. ఈలోపు చాయ్ తాగి రండి, ఇది నిజంగా ప్రోటోకాల్‌లో భాగమే, ఎందుకంటే అదే సమయంలో లేజర్లు కూడా వేడెక్కి నిలకడకి రావాలి. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారి లేజర్లు ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి అంతే సమయం ఇవ్వాలి, లేదంటే ఒక లేజర్ ముందూ ఇంకోటి వెనకా స్థిరపడుతుంటే నిష్పత్తి దానంతటదే జారుతూ ఉంటుంది, మీరు దాన్ని మొక్క స్పందన అనుకుంటారు.

కాన్ఫోకల్ సెట్టింగులు

405తో ఒకసారి, 488తో ఒకసారి, లైన్ లైన్‌కీ మార్చుతూ వెలిగించండి. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మార్చితే ఈలోపు సైటోప్లాజమ్ ప్రవహించి బొమ్మలు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. రెండింటికీ వెలుగు తీసుకునేది ఒకే కిటికీలో, 505 నుంచి 530 నానోమీటర్ల మధ్య. 405తో వెలిగించినప్పుడు 430 నుంచి 470 మధ్య ఇంకో చానల్ కూడా తీసుకోండి, అది కణం సొంత వెలుగు, తర్వాత తీసేయడానికి పనికొస్తుంది. పత్రహరితం 650 పైన వేరే చానల్. పిన్‌హోల్‌ని (డిటెక్టర్ ముందుండే సన్న రంధ్రాన్ని) మామూలు కన్నా కాస్త ఎక్కువ తెరవండి, 405 కిరణం, 488 కిరణం సరిగ్గా ఒకే లోతులో ఫోకస్ కావు కాబట్టి. 12 బిట్ లేదా 16 బిట్. ఆబ్జెక్టివ్ 20 లేదా 40 రెట్లది.

గెయిన్, అంటే డిటెక్టర్ వెలుగుని ఎంత పెంచి చూపాలన్నది, పెట్టే పద్ధతి మాత్రం జాగ్రత్తగా వినండి, ఈ మొత్తంలో ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదే. మామూలు మొలక మీద గెయిన్ పెట్టుకుని ప్రయోగం మొదలుపెడితే, పెరాక్సైడ్ పోయగానే 405 చానల్ నిండిపోయి తెల్లగా అయిపోతుంది, అక్కడి నుంచి అంకెలన్నీ వృథా. అందుకని ప్రయోగానికి ముందే రెండు మొలకలు పక్కన పెట్టుకోండి. ఒకదాన్ని 10 మిల్లీమోలార్ డీటీటీలో (రెడ్యూస్ చేసే రసాయనంలో) ముంచండి, సెన్సార్ పూర్తిగా రెడ్యూస్ అవుతుంది, 488 వెలుగు అంతకన్నా పెరగదు. 488 సెట్టింగుని దాని మీద, ఒక్క పిక్సెల్ కూడా నిండకుండా పెట్టండి. రెండోదాన్ని 10 మిల్లీమోలార్ పెరాక్సైడ్‌లో పెట్టి, 405 సెట్టింగుని దాని మీద పెట్టండి. ఇక ఆ రోజంతా ఎవరొచ్చి ఏం చెప్పినా గెయిన్, లేజర్ పవర్ ముట్టుకోవద్దు. బొమ్మ కాస్త మసగ్గా ఉందని ఎవరో అక్క వచ్చి నాబ్ తిప్పబోతుంది, నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టండి.

పెరాక్సైడ్ గురించి: ల్యాబ్‌లోని 30 శాతం స్టాక్ సుమారు 9.8 మోలార్, అంటే 1 ఎంఎల్ బఫర్‌లో 1 మైక్రోలీటర్ కలిపితే దాదాపు 10 మిల్లీమోలార్. కానీ తెరిచి ఎన్నాళ్లైందో తెలియని సీసాని నమ్మకండి. 240 నానోమీటర్ల దగ్గర ఆబ్జార్బెన్స్ చూడండి, 10 మిల్లీమోలార్‌కి 1 సెంటీమీటర్ క్యూవెట్‌లో 0.44 దరిదాపుల్లో రావాలి. మందుల షాపులో పుండ్లకి అమ్మే సీసాలో స్టెబిలైజర్లు కలుపుతారు, అది వద్దు. డీటీటీ కూడా ఆ రోజు కలిపిందే వాడండి.

కంట్రోళ్లు లేకుండా మొదలుపెట్టకండి

సెన్సార్ లేని మామూలు మొక్కని అవే సెట్టింగుల్లో తీయండి, అప్పుడు తెలుస్తుంది 405 చానల్‌లో మీరు చూస్తున్నదాంట్లో ఎంత సెన్సార్‌ది, ఎంత ఫెరులిక్ ఆమ్లం లాంటి ఫినాలిక్కులది. రెండోది, సెన్సార్ ఉన్న మొక్కకి ఏమీ ఇవ్వకుండా, కేవలం బఫర్ మార్చి, అంతే సమయం, అన్నే ఫ్రేములు తీయండి. నీలి వెలుగు మొక్కకి సంకేతమే, క్లోరోప్లాస్ట్‌కి పనీ చెబుతుంది. పది సెకన్లకో ఫ్రేమ్ తీస్తూ పోతే సెన్సార్ మీ లేజర్ వల్లే ఆక్సిడైజ్ కావచ్చు. అలా జారుతుంటే పవర్ తగ్గించండి, ఫ్రేముల మధ్య దూరం పెంచండి, నిమిషానికొకటి చాలాసార్లు సరిపోతుంది. మొలకలన్నిటినీ ప్రయోగానికి ముందు ఒకేలా చీకట్లోనో వెలుగులోనో ఉంచండి.

మందు ఇచ్చేటప్పుడు స్లైడుని కదపకుండా ఓ అంచున చుక్క వేసి, ఎదుటి అంచున టిష్యూ పేపర్ ముక్క ఆనించండి, ద్రవం తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. బాక్టీరియా ప్రోటీన్ ముక్క అయిన ఎఫ్ఎల్‌జీ22 పెప్టైడ్ 1 మైక్రోమోలార్‌తో రక్షణ స్పందన చూడొచ్చు. ఆ స్పందన, కణపొర మీద సూపరాక్సైడ్ చేసే ఆర్‌బీఓహెచ్‌డీ ఎంజైమ్ నుంచే వస్తోందని చూపాలంటే డీపీఐ అనే నిరోధకం పోసి ఆపేశాం అంటే చాలదు, డీపీఐ ఇంకా చాలా ఫ్లేవిన్ ఎంజైములని ఆపుతుంది. అదే సెన్సార్ ఉన్న ఆర్‌బీఓహెచ్‌డీ మ్యూటెంట్ కావాలి. మిథైల్ వయొలజన్ క్లోరోప్లాస్ట్‌లో సూపరాక్సైడ్ పుట్టించడానికి బాగా పనిచేస్తుంది, కానీ అది పారాక్వాట్. మింగితే విరుగుడు లేని విషం. గ్లవ్స్ వేసుకోండి, సీసా మీద పెద్ద అక్షరాల్లో రాయండి, సింకులో పారబోయకండి.

ప్రతి రోజూ ప్రయోగం చివర అదే మొలక మీద డీటీటీ, తర్వాత బఫర్‌తో కడిగి పెరాక్సైడ్ ఇచ్చి, రెండు కొసలూ కొలవండి. నిన్నటి కొసలు ఇవాళ్టికి పనికిరావు, లేజర్ పవర్ కాస్త మారినా అంకె మారుతుంది.

లెక్క

ఫిజీ అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు చానళ్లలోనూ బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి, సొంత వెలుగు వాటా తీసేయండి, 32 బిట్‌కి మార్చండి, మసక పిక్సెళ్లని థ్రెషోల్డ్ పెట్టి నాన్ (విలువ లేనివి) చేయండి, అప్పుడు భాగించండి. ఈ వరస తప్పితే కణం బయటి నల్లటి చోట సున్నాని సున్నాతో భాగించి వచ్చిన ఇంద్రధనుస్సు రంగులు బొమ్మంతా కమ్ముకుంటాయి, చూడటానికి బాగుంటుంది, అర్థం ఉండదు.

నిష్పత్తి నుంచి ఆక్సీకరణ శాతానికి వెళ్లేటప్పుడు అందరూ చేసే షార్ట్‌కట్ ఒకటుంది, రెండు కొసల మధ్య ఎంత దూరం వచ్చిందో దాన్నే శాతంగా రాసేయడం. ఊహకి అంకెలు తీసుకుందాం: డీటీటీలో నిష్పత్తి 0.2, పెరాక్సైడ్‌లో 1.4, మీ కణంలో 0.5. షార్ట్‌కట్ ప్రకారం 0.3ని 1.2తో భాగిస్తే 25 శాతం. కానీ సెన్సార్ ఆక్సిడైజ్ అయ్యేకొద్దీ 488 వెలుగు పడిపోతుంది, అది కూడా లెక్కలోకి రావాలి. పెరాక్సైడ్‌లో 488 వెలుగు, డీటీటీలో ఉన్నదాంట్లో 0.3 వంతు అనుకుందాం. అప్పుడు పైన అదే 0.3, కింద 1.4లోంచి 0.5 తీసేయగా వచ్చిన 0.9ని ఆ 0.3 వంతుతో గుణిస్తే 0.27, దానికి ఇంకో 0.3 కలిపితే 0.57. భాగిస్తే 53 శాతం. సగం పైగా ఆక్సిడైజ్ అయిన కణాన్ని పావు వంతు అని రాసేవాళ్లం.

చివరిగా, ఒకే మొలకలో ముప్పై కణాలు కొలిస్తే ఎన్ (నమూనాల సంఖ్య) ముప్పై కాదు, ఒకటి. వేరువేరు కుండీల్లో, వేరువేరు రోజుల్లో పెంచిన మొక్కలే లెక్కలోకి వస్తాయి. మెథడ్స్‌లో సెన్సార్ పూర్తి పేరు, ప్రమోటర్, ఏ నిష్పత్తి దేనితో భాగించారు, లేజర్ల తరంగదైర్ఘ్యాలు, వెలుగు తీసుకున్న కిటికీ, ఆ రోజు వచ్చిన రెండు కొసల విలువలు రాయండి. రంగుల బొమ్మ పక్కన స్కేలు పట్టీ పెట్టేటప్పుడు దాని కింది కొస డీటీటీ విలువకీ, పై కొస పెరాక్సైడ్ విలువకీ బిగించండి. సాఫ్ట్‌వేర్ తానే ఎంచుకునే ఆటో స్కేలుని ఆఫ్ చేయడం మర్చిపోకండి, అది ఒక్కో బొమ్మకి ఒక్కో స్కేలు పెట్టేస్తుంది.